చేత్తో చేసిన జీటీ లూర్లు కొనేవాళ్ళకు జాగ్రత్త: లోపల తీగ ఉందో లేదో తేల్చుకోకుండా డబ్బు కట్టొద్దు

జీటీ అనే పెద్ద సముద్రపు చేప కోసం రీఫ్ (పగడపు దిబ్బ) ట్రిప్ పెట్టుకుని, దానికోసం చేత్తో చేసిన చెక్క లూర్లు (చేపలా కనిపించే బొమ్మ ఎరలు) ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇది చదివాక పెట్టండి. "పూర్తిగా త్రూ వైర్, జీటీకీ డాగ్‌టూత్ ట్యూనాకీ సరిపోతుంది" అని రాసి ఉంటే నమ్మి స్టిక్‌బెయిట్లు, పాపర్లు అనే రెండు రకాల లూర్లు కలిపి ఒక సెట్టు తెప్పించుకున్నాను. వాటిలో తీగ అనేదే లేదు. ముక్కు దగ్గరొకటి, పొట్ట కింద ఒకటి, తోకలో ఒకటి పొట్టి ఐ స్క్రూలు (తల దగ్గర రింగు ఉన్న స్క్రూలు) బిగించి, జిగురు పోసి, పైన తళతళలాడే రంగేసి పంపాడు అమ్మినతను. రంగు మాత్రం అద్భుతంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. పొలుసులు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి.

ఈ తేడా ఎందుకంత పెద్ద విషయమో కొత్తగా దిగినవాళ్ళకు చెప్పాలి. జీటీ, అంటే జెయింట్ ట్రెవల్లీ, ట్రెవల్లీ జాతులన్నిటిలోకీ పెద్దది. 2006లో జపాన్‌లో పట్టిన 72.8 కిలోలది ప్రపంచ రికార్డు. అంతది పడక్కర్లేదు, ఇరవై కిలోలది పడినా చాలు మీ సామాను సంగతి తేలిపోతుంది. లూర్‌ని కొట్టిన మరుక్షణం తల తిప్పి నేరుగా పగడపు దిబ్బ వైపు పరిగెడుతుంది, దిబ్బలోకి దూరిందా లీడర్ (లూర్‌కి ముందు కట్టే మందపాటి దారం) రాళ్ళకు ఒరుసుకుని తెగిపోతుంది, కథ ముగిసినట్టే. అందుకే మొదటి కొన్ని క్షణాల్లోనే ఆపాలి, అందుకే అందరూ పీఈ 8 బ్రెయిడ్ (గట్టి అల్లిక దారం), 150 నుంచి 200 పౌండ్ల లీడర్, పది పదిహేను కిలోల డ్రాగ్ (చేప లాగితే దారం వదలకుండా ఆపే రీల్ బిగింపు) పెట్టుకుని వెళ్తారు. ఇంత బిగింపులో లీడర్ తెగొచ్చు, ముడి జారొచ్చు, హుక్ సాగొచ్చు. లూర్ ఊడిపోవడం మాత్రం ఉండకూడదు.

త్రూ వైర్ అంటే ముక్కు నుంచి తోక దాకా ఒకే స్టీల్ తీగ, చెక్క లోపలినుంచి వెళ్తుంది. లీడర్ ఆ తీగకు ముందు చివర, హుక్ వెనక చివర. పొట్ట కింది హుక్ కూడా తీగ మీద కూర్చున్న స్వివెల్‌కే (తిరిగే రింగుకే) వేలాడుతుంది. చేప కొరికి చెక్క రెండు ముక్కలైనా చేప మాత్రం తీగకే ఉంటుంది. ఐ స్క్రూ అలా కాదు, బరువంతా చెక్క పీచు మీదే. పైగా తోకలో బిగించే స్క్రూ చెక్క పొడవునా, పీచు వెంబడే దిగుతుంది కాబట్టి పట్టు ఇంకా తక్కువ. వడ్రంగి పని తెలిసిన ఎవరినడిగినా చెప్తారు, చెక్క అడ్డంగా పట్టినంత గట్టిగా నిలువుగా స్క్రూని పట్టదని. చేప మెలికలు తిరుగుతుంటే ఆ స్క్రూ మెల్లగా వెనక్కి తిరుగుతుంది కూడా. చిన్న చేపలకు గట్టి చెక్కలో ఐ స్క్రూ బాగానే పనిచేస్తుంది, అందులో తప్పేమీ లేదు. దాన్ని త్రూ వైర్ అని రాసి జీటీకి అమ్మడమే మోసం.

పడవలో జరిగింది చెప్తాను. పోటు నీళ్ళు రీఫ్ అంచు మీదుగా గట్టిగా లాగుతున్న సమయం, జీటీకి అంతకన్నా మంచి టైమ్ ఉండదు. స్టిక్‌బెయిట్ వేసి లాగుతుంటే వెనకాల నీళ్ళు ఉబ్బి, దబ్బున కొట్టింది. రాడ్ వంగింది, డ్రాగ్ అరిచింది, కాసేపటికే దారం ఒక్కసారిగా వదులైపోయింది. దిబ్బకు తగిలి తెగిందేమో అనుకుంటూ చుట్టేస్తే లీడర్ చెక్కుచెదరలేదు, ముడి అలాగే ఉంది, లూర్ కూడా వచ్చింది. తోకలో మాత్రం హుక్ లేదు, రింగు లేదు, స్క్రూ లేదు. గుండ్రటి చిల్లు, దాని గోడల మీద స్క్రూ మరల గుర్తులు, అంచున నలిగిన పచ్చి చెక్క పొట్టు, అంతే. చేప పోయినందుకు కాదు నా బాధ, రీఫ్‌కి వెళ్ళేవాడికి చేపలు పోవడం మామూలే. నోట్లో పెద్ద ట్రెబుల్ (మూడు కొనల) హుక్కు, దానికో రింగు, దానికో స్క్రూ వేలాడుతూ ఆ చేప వెళ్ళిపోయింది. పట్టి వదిలేద్దామని ముళ్ళు నొక్కేసిన హుక్కులు వాడే మనం చేసే పనేనా ఇది. ముళ్ళు నొక్కి ఉన్నాయి కాబట్టి త్వరగా రాలిపోయే అవకాశం ఉంది, అదొక్కటే కాస్త ఊరట.

ఇంటికొచ్చాక అదే సెట్టులో వాడని పాపర్ ఒకటి వైస్‌లో బిగించి రంపంతో నిలువునా కోశాను. ముందు స్క్రూ రెండు సెంటీమీటర్లు కూడా లేదు. పొట్ట దగ్గర సీసం ముక్క, దాని చుట్టూ వదులుగా పుట్టీ, ఆ పుట్టీలోనే పొట్ట స్క్రూ దిగి ఉంది. అంటే దాన్ని పట్టుకున్నది చెక్క కూడా కాదు. చెక్కకు లోపల సీలర్ (నీళ్ళు దిగకుండా వేసే పూత) పట్టించిన జాడ లేదు, స్క్రూ చిల్లుల చుట్టూ పూత నేరుగా పచ్చి చెక్క మీదే ఉంది. ఆ చిల్లులోంచి ఉప్పునీళ్ళు దిగితే చెక్క ఉబ్బుతుంది, పైపూత నెర్రెలిస్తుంది, అక్కణ్ణుంచి ఇంకా నీళ్ళు. ట్రిప్‌లో వాడిన వాటిలో ఒకదానికి పొట్ట దగ్గర అప్పటికే వెంట్రుకవాసి గీత పడింది.

లూర్లతో పాటు తగిలించి ఇచ్చిన రింగులు, హుక్కుల సంగతి వేరే చెప్పాలి. రింగుల్ని వేళ్ళతో విప్పగలిగాను, ప్లయర్ అక్కర్లేకపోయింది. అవి చూశాక వాటిని తీసేసి నా దగ్గరున్న మంచి రింగులు, హెవీ హుక్కులు వేసుకున్నాను. అప్పుడు ఇంకో లోపం బయటపడింది. పెద్ద చేపకు సరిపడే హుక్కులు తగిలించగానే ఆ స్టిక్‌బెయిట్ నీళ్ళలో తోక పూర్తిగా కిందికి దించి నిలువుగా నిలబడిపోయింది, లాగితే ఈదకుండా ఈడ్చుకొస్తున్నట్టు వచ్చింది. అంటే అతను బ్యాలెన్స్ చూసింది అసలు హుక్కులతో కాదు, సన్నటి హుక్కులతో. లేదంటే అసలు చూడనే లేదు. వీడియోల్లో ఈదుతున్నది సన్నటి హుక్కులతోనే అని తర్వాత మళ్ళీ చూస్తే తెలిసింది.

అమ్మినతను ఎలా మాట్లాడాడో కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ ఇదే వరస ఎదురవుతుంది. ముందు డ్రాగ్ ఎక్కువ పెట్టారన్నాడు. జీటీ లూర్‌కి పెట్టే డ్రాగే పెట్టానంటే, ముడి సరిగా వెయ్యలేదన్నాడు. ముడితో సహా లూర్ చేతిలో ఉందని ఫోటో పంపితే, వాడిన వస్తువుకు గ్యారంటీ ఉండదన్నాడు. కోసిన పాపర్ ఫోటో పంపాను. అది వాడలేదు కదా, మరి దానికేమంటావని అడిగాను. "మీరే పాడుచేసుకున్నారు" అని జవాబిచ్చి నన్ను బ్లాక్ చేశాడు. అతని పేజీలో తీగ కనిపించేలా కోసి చూపించే ఫోటో ఒకటుంది, దాన్నే నమ్ముకుని చాలామంది ఆర్డర్ పెడుతున్నారు. ఆ ఫోటోలోని చెక్క రంగుకీ నాకొచ్చిన దాని చెక్క రంగుకీ పోలికే లేదు. అది ఎవరి లూరో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో విషయం. ఇతని పేరు నాకు చెప్పింది ట్రిప్ బుక్ చేసిన పడవ వాళ్ళే. "మా రీఫ్‌లో ఇవే పనిచేస్తాయి, ఇతని దగ్గర తీసుకోండి" అని లింకు పంపారు. పడవలో అడిగితే అమ్మిన ప్రతి సెట్టుకూ వాళ్ళకు కమిషన్ ఉందని పనివాడు నవ్వుతూ చెప్పేశాడు. కమిషన్ తీసుకోవడం నేరం కాదు, అయినా ఆ సలహా సలహా కాదని మనకు తెలియాలి కదా. తమాషా ఏంటంటే కెప్టెన్ సొంత రాడ్‌కి ఉన్న లూర్ వేరే తయారీ, దాని ముక్కు దగ్గర మెలివేసిన తీగ స్పష్టంగా కనిపిస్తోంది. పడవ వాళ్ళు ఏ లూర్ కొనమంటే దానికి ముందు, వాళ్ళ రాడ్‌కి ఏముందో ఫోటో పంపమనండి. అలాగే బుక్ చేసేముందు లైఫ్ జాకెట్లు, వీహెచ్‌ఎఫ్ (పడవల) రేడియో, ఈపీఐఆర్‌బీ (ఆపదలో సంకేతం పంపే పరికరం) ఉన్నాయా, గాలి ఎక్కువై ట్రిప్ ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా అనేవి రాతలో తీసుకోండి. నా ట్రిప్‌లో ఆ విషయాల్లో ఇబ్బంది రాలేదు, పడవ బాగానే నడిపారు, ఆ న్యాయం వాళ్ళకు చెయ్యాలి.

కొనేముందు ఎలా కనిపెట్టాలి? ముక్కు దగ్గర లూప్‌ని జూమ్ చేసి చూడండి. ఐ స్క్రూ అయితే గుండ్రటి రింగు, దాని కింద ఒకే ఒక్క కాడ చెక్కలోకి దిగుతుంది, రింగు మూసుకునే చోట సన్నటి సందు కనిపిస్తుంది. తీగ అయితే సాధారణంగా రెండు కాళ్ళు పక్కపక్కన దిగుతాయి, లేదా మెలికలు కనిపిస్తాయి. పొట్ట కింద స్వివెల్ రింగు బయటికొచ్చి కొంచెం కదులుతూ ఉండాలి, కదలకుండా బిగుసుకుని ఉంటే అనుమానించండి. మీరు కొనే లూర్‌నే రంగు వెయ్యకముందు, తీగ పెడుతున్నప్పుడు తీసిన ఫోటో అడగండి. నిజంగా చేసేవాడి దగ్గర అలాంటివి బోలెడుంటాయి, అడిగితే సంతోషంగా పది పంపిస్తాడు. "అది మా సీక్రెట్" అన్నాడంటే వదిలెయ్యండి, చెక్కలో తీగ పెట్టడం ఏమీ సీక్రెట్ కాదు. అయస్కాంతం అంటుకోదు కాబట్టి అసలైన స్టెయిన్‌లెస్ అని వీడియోలు పెడతారు, అది కూడా పెద్దగా పట్టించుకోవద్దు. గట్టిగా సాగదీసి చేసిన 304 రకం స్టెయిన్‌లెస్ తీగ మంచిదైనా అయస్కాంతానికి కొంచెం అంటుకుంటుంది, కాబట్టి ఆ పరీక్షతో ఏదీ తేలదు. చేతికొచ్చాక పరీక్ష సులువు: ముక్కు లూప్‌ని గట్టి కొక్కేనికి తగిలించి, తోక రింగుకు తాడు కట్టి, మీ డ్రాగ్‌కి రెండింతల బరువు వేలాడదీయండి. తర్వాత పొట్ట రింగుకు కూడా అలాగే. కింద కాళ్ళు పెట్టకండి, హుక్కులు ముందే తీసేయండి. ఊడేదేదో అక్కడే ఊడనివ్వండి.

కొందరు నన్ను "అయితే నువ్వే చేసుకోవచ్చు కదా" అన్నారు. చేస్తున్నాను కూడా, అందుకే ఇతను ఎక్కడెక్కడ పని ఎగ్గొట్టాడో కనబడుతోంది. చెక్కను నిలువునా రెండు బద్దలు చేసి, మధ్యలో తీగకూ సీసానికీ గాడి తవ్వి, స్వివెల్ కూర్చోబెట్టి, ఎపాక్సీతో అతికించి బిగించి ఉంచాలి. లేదంటే పొడవాటి బిట్‌తో ముక్కు నుంచి తోక దాకా చిల్లు పెట్టాలి, అది పక్కకు పోతే ముక్క వృథా. ఆ తర్వాత ఆకారం, సీలర్, మళ్ళీ సీలర్, అసలు హుక్కులతో నీళ్ళలో పరీక్ష, సీసం సర్దడం, అప్పుడు రంగు, దానిమీద పూతలు ఆరుతూ ఆరుతూ. ఇంట్లో తొట్టిలో మంచినీళ్ళలో చూసిన లూర్ సముద్రంలో కాస్త పైకి తేలుతుంది, ఉప్పునీటి సాంద్రత సుమారు రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి. నెమ్మదిగా మునిగే స్టిక్‌బెయిట్ చేసేవాళ్ళకు ఆ కొంచెం తేడాయే తలనొప్పి. నేను తొట్టిలోనే ఉప్పు కలిపి చూస్తాను. ఇంత పని ఉన్న వస్తువుకు మంచి తయారీదారులు ఎక్కువ ధర అడగడంలో నాకే అభ్యంతరమూ లేదు. ఆ పనిలో సగం ఎగ్గొట్టి అదే ధర అడిగేవాడి మీదే నా కోపం.

అమ్మకాల సైటులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు, అది తేలాక చూద్దాం. ఇంతలో ఇలాంటి సెట్టు ఇప్పటికే కొన్నవాళ్ళుంటే రీఫ్‌కి మాత్రం తీసుకెళ్ళకండి. పైనుంచి ఐ స్క్రూ మార్చి పెద్దది బిగిస్తే సరిపోతుందా అని ఒకరిద్దరు అడిగారు, పొట్ట దగ్గర అది దిగేది పుట్టీలోకే కాబట్టి ఉపయోగం లేదు. సన్నటి రంపంతో జాగ్రత్తగా నిలువునా కోసి, పుట్టీ గీకేసి, తీగా స్వివెలూ పెట్టి మళ్ళీ అతికించుకోవచ్చు, రంగు మాత్రం పోతుంది. అంత ఓపిక లేకపోతే ట్రెబుల్స్ తీసేసి చిన్న సింగిల్ హుక్కులు వేసి, తేలిక రాడ్‌తో చిన్న చేపలకు వాడండి. ఫిర్యాదు పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ముందే కొయ్యకండి. బరువు పరీక్షని వీడియో తీస్తూ చెయ్యండి, ప్యాకెట్ విప్పడం దగ్గర్నుంచి ఒకే వీడియోలో ఉంటే "మీరే పాడుచేసుకున్నారు" అనడానికి అతనికి వీలుండదు.