యేసు చనిపోయి తిరిగి లేచాడా? పౌలు జాబితా, సువార్తల కథనం: దేన్ని పట్టుకుని నమ్మాలి?

1996 నవంబరు తుఫాను గురించి మా కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. కొబ్బరిచెట్లు దీపాలు పెట్టే వేళకే విరిగాయంటుంది అమ్మమ్మ. కాదు, అర్ధరాత్రంటాడు మావయ్య. తుఫానే రాలేదని మాత్రం ఇద్దరూ అనరు.

బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తలూ (మత్తయి, మార్కు, లూకా, యోహాను) అలాగే. యేసు సమాధి దగ్గరికి వెళ్లింది మార్కులో ముగ్గురు స్త్రీలు. యోహానులో మగ్దలేనే మరియ పేరొక్కటే. లోపల కనిపించింది మార్కులో ఒక యువకుడు, లూకాలో ఇద్దరు. నాకివి పెద్ద ఇబ్బంది కాదు. అందరూ ఒకే పాఠం అప్పజెబితేనే అనుమానం. అసలు చిక్కేమిటంటే, చాలామంది పండితుల లెక్కలో ఇవి రాసింది యేసు చనిపోయిన సుమారు 40 నుంచి 60 ఏళ్ల తర్వాత.

తొలితరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు కొరింథు ఊరి క్రైస్తవులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) అంతకన్నా పాతది, సుమారు క్రీ.శ. 55. 15వ అధ్యాయంలో తిరిగి లేచిన యేసును కేఫా (అంటే పేతురు), యాకోబు, 500 మందికి పైగా సహోదరులు చూశారంటాడు. వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారట. వెళ్లి వాళ్లనే అడగండి అన్నట్టే కదా! కానీ ఆ 500 మందిలో ఒక్కరి పేరూ లేదు, ఊరూ లేదు.

అయినా నా మొగ్గు పౌలు వైపే. కాకపోతే తుఫానుకు సాక్షులే కాదు, కూలిన చెట్లూ ఉన్నాయి. ఇక్కడున్నది మాట ఒక్కటే.