సముద్రగాలిలో ఇంటి స్టూడియో: నాలుగేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. రెండో అంతస్తులో పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న పడగ్గది. అందులో మైకు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌కు చేర్చే, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు ఒకటి, షూర్ ఎస్‌ఎం58 డైనమిక్ మైకులు రెండు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, రికార్డింగుకూ మిక్సింగుకూ రీపర్ సాఫ్ట్‌వేర్. గాత్రం, వీణ, మృదంగం, తప్పెటగుళ్లు, షాపుల ప్రకటనలకు వాయిస్‌ఓవర్లు, నాలుగేళ్లుగా అన్నీ ఈ సామాను మీదే రికార్డయ్యాయి. గంటల లెక్కన స్టూడియో అద్దె కట్టే పని ఇంట్లోకి వచ్చేశాక అసలు ఖర్చు ఎటు మళ్లిందో కూడా ఈ సమీక్షలో చెబుతాను.

ముందే తేల్చేస్తాను: పాట చెడితే తప్పు ఇంటర్‌ఫేస్‌ది కావడం చాలా అరుదు. ఇప్పుడు చవకలో దొరికే ప్రీఆంప్‌ల (మైకు శబ్దాన్ని పెంచే భాగాల) సొద, మామూలు పడగ్గదిలో ఉండే చప్పుడు కంటే ఎంతో తక్కువ. మన ఊళ్లో పనిని పాడుచేసేవి మూడు: చెమ్మ, కరెంటు, గది. చేతిలో పదివేలు మిగిలితే ఇంకో మైకు కొనకండి, వీటిమీద పెట్టండి.

చెమ్మతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించి బయటి ఊళ్లవాళ్ల సమీక్షల్లో ఒక్క ముక్క దొరకదు. కండెన్సర్ మైకు లోపల డయాఫ్రమ్ అనే పలచటి పొర, దాని వెనక లోహపు పళ్లెం ఉంటాయి. రెండింటి మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే. వాటి మధ్య పదుల వోల్టుల చార్జి (పోలరైజేషన్) నిలిచి ఉంటుంది. గాలిలో తేమ ఆ సందులో పేరుకుంటే చార్జి అక్కడక్కడా కారిపోతుంది. చెవికి అది చిటపటలుగా, ఒక్కోసారి నూనెలో ఆవాలు పడ్డట్టుగా వినిపిస్తుంది. వానాకాలంలోనూ, నవంబరు తుపాన్ల రోజుల్లోనూ ఈ చిటపటలు మొదలైతే మైకు పోయిందని కంగారు పడక్కర్లేదు. ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైకుకు అందే కరెంటు) ఆపి, మైకును పొడి డబ్బాలో ఒకటిన్నర రోజు ఉంచితే చాలాసార్లు మామూలవుతుంది. ఆ తర్వాత కూడా పోకపోతే క్యాప్సూల్ (డయాఫ్రమ్, పళ్లెం ఉన్న భాగం) మీద ఉప్పు, దుమ్ము పట్టాయని అర్థం. అది ఇంట్లో తుడిచే వస్తువు కాదు.

పొడి డబ్బాకు పెద్ద ఖర్చు లేదు. వంటింట్లో పప్పులు పోసుకునే, రబ్బరు అంచున్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా పదిహేను లీటర్లది, అరకిలో సిలికా జెల్, తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ చాలు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలబడాలి. నీలం గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక నారింజ రంగువి తీసుకోండి. రంగు మారాక ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనిచేస్తాయి. వానాకాలంలో ఈ పని మూడు నాలుగు వారాలకొకసారి చేయాల్సి వచ్చింది, వేసవిలో రెండు నెలలకొకసారి.

మైకుతో పాటు వచ్చే నురుగు పెట్టెను మాత్రం నమ్మొద్దు. సముద్రం దగ్గర ఆ నురుగు రెండు మూడేళ్లకే జిగురుగా మారి మైకు జాలీకి అంటుకుంటుంది. మైకును మెత్తటి నూలుగుడ్డలో చుట్టి నేరుగా డబ్బాలో పెట్టడమే మేలు. ఇంకో జాగ్రత్త ఉంది. ఏసీ గదిలో చల్లబడ్డ మైకును బాల్కనీలోకో, ఊళ్లో రికార్డింగుకో తీసుకెళ్లి వెంటనే ఫాంటమ్ వేయకండి. చల్లటి లోహం మీద నీరు పడుతుంది. సంచిలోనే ముప్పావుగంట ఉంచి, ఆ వేడికి అలవాటయ్యాక తీయాలి. బయట తిరిగే పనికి ఎస్‌ఎం58 ఎందుకు ఇంకా నిలబడిందో ఇక్కడ అర్థమవుతుంది. డైనమిక్ మైకులో చార్జి గొడవ లేదు.

ఉప్పుగాలికి మైకు కేబుల్ చివరుండే ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు నల్లబడతాయి, చవక కేబుళ్ల లోపల రాగికి చిలుము పడుతుంది. లక్షణం ఏమిటంటే కేబుల్ కదిపితే గరగర, లేకపోతే శబ్దం ఉన్నట్టుండి సగమైపోవడం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లకు అద్ది మూడు నెలలకోసారి పిన్నులు తుడిస్తే చాలు. ఇంటర్‌ఫేస్ గెయిన్ (శబ్దం పెంచే) నాబ్‌లు కూడా మూడో ఏట గరగరలాడాయి. కరెంటు తీసేసి, ఒక్కో నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పైసార్లు తిప్పితే చాలావరకు పోయింది. వాడనప్పుడు దానిమీద నూలుగుడ్డ కప్పి ఉంచడం అప్పటినుంచే అలవాటైంది.

ఇక కరెంటు. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగు పేరుకే ఉంటుంది. ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది, హెడ్‌ఫోన్లలో గుమ్మనే మోత ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర కనబడుతుంది. పరీక్ష తేలిక: చార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే దోషం ఎర్తులో ఉంది, మైకులో లేదు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి మోత ఆపమని చెప్పేవాళ్లుంటారు. అది ప్రాణం మీదకు తెచ్చుకునే పని, వినకండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు సరిచేయించి, ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే సగం మోత అక్కడే చచ్చిపోతుంది.

కరెంటు పోయినప్పుడు వచ్చే తంటా వేరు. ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకమైతే బుర్రుమనే మోత ఆంప్‌లోకీ ట్రాకులోకీ దూరుతుంది. దాన్ని ఈక్వలైజర్‌తో తీయడం కుదరదు, 50 గుణిజాలుగా అది పైదాకా పాకి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు ఉంటే సరే, లేకపోతే రికార్డింగు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే చేయండి. ఇంటర్‌ఫేస్‌కు కావలసిన కరెంటు ఎలాగూ యూఎస్‌బీ నుంచే వస్తుంది.

గది గురించి. పది అడుగుల వెడల్పు, పైకప్పు ఎత్తూ పది అడుగులే. మన అపార్ట్‌మెంట్లలో ఇది మామూలు, కానీ శబ్దానికి చెడ్డ కొలత. పది అడుగుల దూరానికి నిలిచిపోయే అల (ఎదురెదురు గోడల మధ్య తగిలి పెరిగే శబ్దం) సుమారు 56 హెర్ట్జ్, దాని రెట్టింపు 112. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో రెండు వైపుల నుంచీ అదే స్వరం పోగవుతుంది. మగ గొంతు కింది స్థాయి సరిగ్గా 112 చుట్టుపక్కలే తిరుగుతుంది. అందుకే ఒక్కో స్వరం దగ్గర గొంతు ఉబ్బినట్టు, పక్క స్వరం దగ్గర బక్కచిక్కినట్టు వినిపిస్తుంది. ఆ తేడాను ఎంత ఖరీదైన ప్లగిన్ (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) అయినా పూర్తిగా సరిచేయలేదు.

కోడిగుడ్ల అట్టలు పనిచేయవు. అంగుళం మందం ఫోమ్ పై శబ్దాల్ని మాత్రమే పీల్చి గదిని మందకొడిగా చేస్తుంది, కింది ఉబ్బును తాకనైనా తాకదు. పనిచేసింది రాక్‌వూల్. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు రెండేసి కలిపి, నాలుగడుగులు బై రెండడుగుల చెక్క చట్రంలో బిగించి, పైన గుడ్డ కుట్టాలి. ఆరు ప్యానెళ్లకు 1200 బై 600 మిల్లీమీటర్ల పలకలు పన్నెండు, 44 అంగుళాల పన్నా నూలుగుడ్డ పది మీటర్లు సరిపోయాయి. గుడ్డ కొనేటప్పుడు నోటితో ఊదండి. గాలి అటువైపు చేతికి తగలాలి. తగలకపోతే శబ్దం కూడా లోపలికి వెళ్లదు, కాబట్టి రెక్సిన్ పనికిరాదు. రాక్‌వూల్ కోసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. గోడకు ఆనించకుండా నాలుగంగుళాల ఖాళీ వదలండి. కింది శబ్దాలు బాగా తగ్గుతాయి, పైగా మన చెమ్మకు ప్యానెల్ వెనక బూజు పట్టకుండా గాలి ఆడుతుంది.

ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలన్న దాంట్లో చాలామంది పొరపడతారు. మైకు వెనక గోడకు అతికిస్తారు. కార్డియాయిడ్ మైకు ముందువైపు వింటుంది, అంటే పాడేవారి వెనక గోడను వింటుంది. కాబట్టి రెండు ప్యానెళ్లు గాయకుడి వీపు వెనకాలే ఉండాలి, రెండు మూలల్లో, మిగిలిన రెండు పక్కగోడలకు. ప్యానెళ్లకు ఇంకా డబ్బు కూడకపోతే బట్టల బీరువా తలుపులు బార్లా తీసి, దానికి వీపు పెట్టి పాడినా తేడా తెలుస్తుంది. స్టాండుల మీద వేలాడేసిన దూది బొంతలు కూడా అక్కరకొస్తాయి.

తెలుగు గాత్రానికి కొన్ని సంగతులు వేరు. ఖ, ఘ, ఛ, ధ, భ లాంటి మహాప్రాణాల దగ్గర గాలి ఒక్కసారిగా వస్తుంది. పాప్ ఫిల్టరు పెట్టినా మైకు ఎదురుగా నిలబడితే "భక్తి" అన్నప్పుడు మైకు దబ్బుమంటుంది. మైకును పెదవుల నుంచి జానెడు దూరంలో, కాస్త పక్కకు, ముక్కు ఎత్తున పెట్టి నోటివైపు వంచితే గాలి కిందినుంచి పోతుంది. శ, ష, స మూడూ కలిసే పదాల్లో ఐదు నుంచి ఎనిమిది కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (సకారపు ఈలను తగ్గించే ఎఫెక్టు) వాడాలి, అయితే గట్టిగా బిగిస్తే శ, స తేడా పోయి సాహిత్యం మొద్దుబారుతుంది. మూడు నాలుగు డీబీలు మించొద్దు.

పిచ్ సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌తో ఇంకా జాగ్రత్త. 1997లో ఆటో-ట్యూన్ వచ్చినప్పటి నుంచి ఈ పనిముట్లు పియానో మెట్ల లెక్కన స్వరాల్ని లాగుతూనే ఉన్నాయి. తోడి రాగంలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, ఊగుతుంది. ఆటోమేటిక్‌గా వదిలేస్తే ఆ ఊపును తప్పనుకుని చదును చేసేస్తుంది. గమకం ఉన్న సంగీతానికి దాన్ని ఆపేయండి. తప్పదంటే మెలోడైన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఆ ఒక్క స్వరాన్నే చేత్తో పట్టుకుని, మధ్యస్థానాన్ని కాస్త జరిపి, లోపలి ఊపును ముట్టుకోకుండా వదలాలి.

వీణకు మైకు అడుగున్నర దూరంలో, గుర్రానికీ (తీగలు ఆనే వంతెన) చివరి మెట్లకూ మధ్యకు గురిపెడితే మీటు, కార్వై (మీటాక నిలిచే నాదం) రెండూ వస్తాయి. కుండకు దగ్గర చేస్తే గుబగుబలాడుతుంది. తప్పెటగుళ్లకు దగ్గర మైకు కుదరదు, గుండెకు కట్టిన వాయిద్యంతో వాళ్లు గెంతుతూ ఆడతారు. రెండు మైకుల్ని ఏడడుగుల ఎత్తున 90 డిగ్రీల కోణంలో తలలు కలిపి పెట్టి, లెవెల్ అత్యధికంగా మైనస్ 12 డీబీ దాటకుండా తీసుకోండి. 24 బిట్లలో అంత తక్కువగా తీసుకున్నా నష్టం లేదు. ఎక్కువైతే మాత్రం చిట్లిన దెబ్బను ఎవరూ బాగుచేయలేరు.

ఇంటర్‌ఫేస్ విషయంలో చెప్పాల్సింది తక్కువ. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపుళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగుచేసుకునే శబ్దం) అంటే ఒకవైపుకు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. రానూపోనూ, డ్రైవరు ఆలస్యం కలిపి గాయకులకు ఇబ్బంది కాలేదు. మిక్సింగులో 1024 పెట్టండి, లేకపోతే ట్రాకులు పెరిగేకొద్దీ టిక్‌టిక్‌లు వస్తాయి. ఒక మోనో ట్రాకుకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఐదు నిమిషాల పాట, ఇరవై ట్రాకులంటే 860 ఎంబీ పైమాటే, డిస్కు కొనేటప్పుడు లెక్కేసుకోండి.

వ్యాపారం మారిన తీరు సాఫ్ట్‌వేర్‌లోనే బాగా తెలుస్తుంది. రీపర్ 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. సొంతానికీ, చిన్న సంపాదనకూ లైసెన్సు 60 డాలర్లు. చందా లేదు. మిగతా కంపెనీల్లో కొన్ని నెలవారీ చందాల వైపు జరుగుతున్నాయి. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ తన ప్లగిన్ల శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించి, వాడేవాళ్ల నిరసనతో రోజుల్లోనే వెనక్కి తగ్గింది. చందా ఆగితే పాత ప్రాజెక్టు సరిగా తెరుచుకోకపోవచ్చు. అందుకే పాట పూర్తయ్యాక ఒక్కో ట్రాకునూ ఎఫెక్టులతో, ఎఫెక్టులు లేకుండా రెండు రకాల వేవ్ ఫైళ్లుగా తీసి పెట్టుకోవడం నా దృష్టిలో ఐచ్ఛికం కాదు.

గొంతునూ వాయిద్యాల్నీ విడదీసే డెమక్స్ ఉచితంగా దొరుకుతుంది, సొంత ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. గాత్రం, డ్రమ్స్, బేస్, ఇతరాలు అని నాలుగు ముక్కలు చేస్తుంది. ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అది ఎవరి సంగీతం మీద నేర్చుకుందో. వీణ "ఇతరాలు"లో పడుతుంది, నాదస్వరం తునకలు తునకలుగా గాత్రంలోకి దూరుతుంది, మృదంగం తొప్పి (ఎడమవైపు మోత) బేస్‌లోకి పోతుంది. సాధనకు బాగుంది, విడుదలకు కాదు.

పాట విడుదలలో డబ్బు పోయే చోట్లు కొన్ని. పాటను స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటరు ఏడాది చందా పద్ధతిలో ఉంటే, కట్టడం మానిన నాడు పాట దిగిపోవచ్చు. ఆ షరతు ముందే చదవండి. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కకట్టరు. స్పాటిఫై, యూట్యూబ్ శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (చెవికి తెలిసే గట్టితనం కొలత) చుట్టూ సర్దుతాయి కాబట్టి గట్టిగా నొక్కిన మాస్టర్‌కు ప్రయోజనం లేదు, ట్రూ పీక్ (శబ్దం అందుకునే అత్యధిక స్థాయి) మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. రెడీమేడ్ తంబుర లూపు వాడిన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (కాపీ పాటల్ని పట్టే వ్యవస్థ) నమోదు చేయకండి, అదే లూపు వాడిన పదిమందికీ కాపీరైటు క్లెయిమ్ తగులుతుంది, మీకూ తగులుతుంది. త్యాగరాజ కీర్తన ఎవరైనా పాడుకోవచ్చు, కానీ వేరొకరి రికార్డింగును ముక్క కోసి వాడకూడదు. సినిమా పాటను కొత్తగా పాడి విడుదల చేయాలంటే కాపీరైటు చట్టం 31సి సెక్షన్ ప్రకారం అసలు రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ ఏళ్లు గడవాలి, ముందుగా నోటీసు, రాయల్టీ ఇవ్వాలి.

సొంత రచనైతే రాసినవారు, బాణీ కట్టినవారు ఐపీఆర్ఎస్‌లో (రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులుగా చేరి ప్రతి పాటనూ విడిగా నమోదు చేయించాలి. డిస్ట్రిబ్యూటరు తెచ్చే డబ్బు రికార్డింగుది, అది వేరు. అప్‌లోడ్ ఫారంలో పేర్లు, ఎవరికెంత శాతమన్నది రికార్డింగు రోజే కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టించుకుంటే మేలు. తప్పెటగుళ్ల బృందమైతే ఎనిమిది పదిమంది పేర్లూ, గురువు పేరుతో సహా.