కరక్కాయ గుడ్డ నల్లబడిన చోట మూడు వారాలు

నీళ్ల గురించి నేను ముందే అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు మెయిల్ పెట్టాను. మాది శ్రీకాళహస్తి కలంకారీ, ఒక్కో గుడ్డను ఐదారుసార్లు ఉతకాలి, పారే నీళ్లు కావాలి, ఆ నీళ్లలో ఇనుము ఉండకూడదు అని రాశాను. మా ఊరి స్వర్ణముఖి నదిలో మావాళ్లు గుడ్డ జాడిస్తున్న ఫొటోలు కూడా పంపాను. "నీళ్లకు ఏ లోటూ లేదు, నిశ్చింతగా రండి" అని జవాబొచ్చింది. ఆ మాట నమ్మి కెనడా వెళ్లాను. అక్కడ ఏం జరిగిందో రాయాలని వచ్చినప్పటి నుంచీ అనుకుంటున్నాను. మన వైపు నుంచి ఇలాంటి రెసిడెన్సీలకు, అంటే కొన్నాళ్లు వేరే చోట ఉండి బొమ్మలు వేసుకునే ఏర్పాట్లకు, అప్లై చేస్తున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు, కనీసం వాళ్లయినా చదువుతారని.

చోటు కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో, అన్నాపోలిస్ రాయల్ అనే చిన్న ఊరికి కొంచెం దూరంగా. ఒక ప్రైవేట్ గ్యాలరీ వాళ్లు తమ తోటలోని పాత కొట్టాన్ని బాగుచేసి, కింద స్టూడియో, పైన గది కట్టారు. మూడు వారాలకు ఫీజు 900 కెనడా డాలర్లు. అంటే మన డబ్బుల్లో 57,000 పైమాటే. వెంట ఎవరైనా ఉంటే రాత్రికి ఇంకో 25. వీసాకు 100, వేలిముద్రలకు 85. విమానానికి చెన్నై నుంచి హాలిఫాక్స్ రానూపోనూ 1,31,400 రూపాయలు. హాలిఫాక్స్ నుంచి అక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. గ్యాలరీ వాళ్లు పంపిన కారుకు 160 డాలర్లు విడిగా తీసుకున్నారు. ఆ సంగతి ముందు చెప్పలేదు, దిగాక చెప్పారు. వీసా, ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. ఎయిర్‌పోర్టులో కరక్కాయ పొడి, ఎరుపుకు వాడే సురులు చెక్క, పటిక, నల్ల గీతలకు వాడే కసిం సీసా అన్నీ నేనే చూపించాను. ఆఫీసర్ ఒక్కొక్కటీ దేనికని అడిగి, ఓపిగ్గా విని, వదిలేశాడు.

ఆగస్టు 2, 2025 శనివారం సాయంత్రానికి చేరాం. చేరాం అంటే నేనూ, మా అక్క కూతురూ. తను హాలిఫాక్స్‌లో చదువుతోంది, నాకు ఒక వారం తోడుగా ఉంటానని వచ్చింది. చోటు నిజంగా అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. కిటికీలోంచి చూస్తే ఆపిల్ తోట, దాని కింద అన్నాపోలిస్ నది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నీళ్లు ఒడ్డు దాకా వస్తాయి, పాటు మొదలైతే ఎర్రటి బురద బయటపడుతుంది. ఆ పోటు వచ్చే ఫండీ అఖాతంలో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే ఎక్కువ, పై కొసన మినాస్ బేసిన్‌లో 16 మీటర్ల దాకా వెళ్తుంది. మా వైపు అంత లేదు కానీ, పొద్దున నీళ్లు చూసిన చోట మధ్యాహ్నం పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉండేవి.

మర్నాడు పొద్దున మా పిల్ల టీకి నీళ్లు పెట్టింది. డికాషన్ కప్పులో పోసి, "పిన్నమ్మా, ఇదేంటి, సిరాలా ఉంది!" అని నా దగ్గరికి తెచ్చింది. నిజంగా సిరాలాగే ఉంది. ఎర్రదనం లేదు, నీలం తిరిగిన నలుపు. టాయిలెట్ గిన్నెలో తుప్పు రంగు చార కూడా నేను రాత్రే చూశాను. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. టీ ఆకులో ఉండే వగరు, కరక్కాయలో ఉండే వగరు ఒకే జాతివి. ఆ వగరుకు ఇనుము తగిలితే నలుపు తేలుతుంది. మేం కలంతో గీసే నల్ల గీత పుట్టేదే అలా. బెల్లం నీళ్లలో ఇనుప తుప్పు మూడు వారాలు నానబెడితే కసిం అవుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద దాన్ని పెడితే నల్లగా దిగుతుంది. పుట్టినప్పటి నుంచీ ఇదే పని చూస్తున్నదాన్ని, ఆ టీ చూసి కూడా ప్రయాణం బడలికలో పోల్చుకోలేకపోయాను.

నేను వేయాలనుకున్నది కన్నప్ప. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మా ఊరి కథ కదా, పరాయి దేశంలో మొదట అదే వేయాలని మొక్కుకున్నట్టు అనుకున్నాను. ఇంటి నుంచి తెచ్చిన ముతక నూలు గాడా గుడ్డకు కరక్కాయ పొడి, పాలు పట్టించి ఎండబెట్టాను. బర్రెపాలు దొరకలేదు, అక్కడి చిక్కటి ఆవుపాలలో క్రీమ్ కలిపాను. పాలు, క్రీమ్ కలిపి 11 డాలర్ల 40 సెంట్లు. గుడ్డ ఎండలో లేత పసుపు తిరిగి చక్కగా వచ్చింది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసి, కసింతో గీతలు దిద్దాను. అభిషేకానికి స్వర్ణముఖి నీళ్లు నోట్లో పట్టుకొచ్చే కన్నప్ప, బుగ్గలు రెండూ ఉబ్బి ఉంటాయి. ఆ బుగ్గల గీత ఒక్కదానికే పొద్దంతా పట్టింది. పటిక పెట్టి, ఒక రోజు ఆగి, స్టూడియో కుళాయి కింద గుడ్డ పట్టాను.

గుడ్డ నా చేతుల్లోనే రంగు మారింది. నీళ్లు పడ్డ చోటల్లా ముందు బూడిద రంగు, తర్వాత పొగచూరిన గోడలాంటి మురికి రంగు. కన్నప్ప మొహం, వెనకాల ఆకాశం, లింగం, అన్నీ ఒకటే మసి. మా పిల్ల కుళాయి కట్టేసి ఏం మాట్లాడకుండా నా పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు ఇద్దరం అన్నం కూడా వండుకోలేదు.

గ్యాలరీ ఆయన్ని పిలిచి చూపించాను. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువేనని ఆయనే అన్నాడు, అక్కడ చాలా బోర్లు అంతేనట. తెలిసి మరి నాకెందుకు రాయలేదంటే, "ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఆయిల్ పెయింట్స్ వేస్తారు" అన్నాడు. రెండు రోజుల తర్వాత బిల్లు కట్టడానికి వాళ్లింటికి వెళ్తే, వంటగది పక్క గదిలో నిలువెత్తు ఫిల్టర్ కనిపించింది, ఇనుము తీసేసేది. తన ఇంటికి పెట్టుకున్నాడు, డబ్బు తీసుకుని పెట్టిన స్టూడియోకు పెట్టలేదు. కనీసం వాళ్లింటి కుళాయి దగ్గర ఉతుక్కోనివ్వమని అడిగాను. వానల్లేవు, బోరు అడుగంటుతోంది, కుదరదన్నాడు.

వానల్లేని మాట నిజమే. ఆ వేసవిలో అక్కడ చాలా బావులు ఎండిపోయాయి. ఆగస్టు 5 నుంచి అడవుల్లోకి ఎవరూ నడిచి వెళ్లకూడదని ప్రభుత్వం ఆర్డర్ వేసింది, కాదంటే జరిమానా 25,000 డాలర్లు. అందుకని వాగు వెతుక్కుని వెళ్లే దారీ మూసుకుపోయింది. నది ఉంది కదా అంటే అందులో పోటుతో వచ్చే ఉప్పు నీళ్లు. బయట పొయ్యి పెట్టి సురులు చెక్క ఉడికిద్దామంటే మంటలు నిషేధం. 13వ తేదీన లాంగ్ లేక్ దగ్గర పిడుగు పడి అంటుకున్న మంట 8,000 హెక్టార్లు దాటింది, ఇళ్లూ పోయాయి. మా వైపు రాలేదు కానీ, గాలి తిరిగిన రోజు గదిలో పొగ వాసన. ఇంత టెన్షన్‌లోనూ, అవసరమైతే మేం ఎటు వెళ్లాలో గ్యాలరీ వాళ్లు ఒక్క కాగితం ఇవ్వలేదు. ఊళ్లోని వాలంటీర్ ఫైర్ హాల్‌కు వెళ్లి నేనే కనుక్కున్నాను. అక్కడివాళ్లు కుర్చీ వేసి, మ్యాప్ మీద దారి గీసి చూపించారు.

ఈ మూడు వారాల్లో నన్ను నిలబెట్టింది అన్నాపోలిస్ రాయల్ శనివారం సంత. ఆగస్టు 9న మా పిల్ల బలవంతం మీద వెళ్లాను, నాకసలు మనసు లేదు. బీన్స్ అమ్ముతున్న ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, నా వేళ్ల మీది మరకలు చూసి ఏం పని చేస్తావమ్మా అని అడిగింది. మొత్తం చెప్పాను. ఆవిడ ఇల్లు ఊళ్లోనే, మున్సిపల్ కుళాయి. "పైపు పెద్దదే ఉంది, రా" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెట్టిన భోజనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. హాడ్జ్‌పాడ్జ్ అంటారట. అప్పుడే తవ్విన చిన్న ఆలుగడ్డలు, లేత బీన్స్, బఠానీ, క్యారెట్ ఉడికించి, క్రీమ్, వెన్న వేసి దించేస్తారు. ఉప్పు, మిరియాలు తప్ప మసాలా లేదు. మనం పొట్లకాయకు పాలు పోసి వండినట్టే, అదే కమ్మదనం. వారం రోజులుగా మొహం ముడుచుకున్న మా పిల్ల రెండుసార్లు పెట్టించుకుంది, బ్యాగులోంచి గోంగూర పచ్చడి తీసి ఆవిడకు కూడా పెట్టింది. తర్వాత బ్లూబెర్రీ గ్రంట్, ఉడుకుతున్న బ్లూబెర్రీల మీద పిండి ముద్దలు వేసి మూత పెట్టి చేసేది. ఆ ఊళ్లోనే ఒక హోటల్లో అంతకు రెండు రోజుల ముందు ఇద్దరికి టిప్పుతో 71 డాలర్లు ఇచ్చి తిన్న చేప, చిప్స్ ఈ భోజనం ముందు ఎందుకూ పనికిరావు.

తినేముందే ఒక గ్లాసు కుళాయి నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి కిటికీలో పెట్టాను. తిని లేచేసరికి గ్లాసులో నీళ్లు పసుపుగానే ఉన్నాయి. అప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

కలంకారీయే కాదు, సహజ రంగుల పని చేసేవాళ్లు ఎవరు వెళ్లినా ఈ పరీక్ష దిగిన గంటలోనే చేసుకోండి. పొడి బూడిద రంగు తిరిగితే ఒక్క గుడ్డ కూడా తడపొద్దు. "నీళ్లున్నాయా" అని అడగొద్దు. బోరా, మున్సిపల్ నీళ్లా, ఇనుము ఎంత, రిపోర్టు పంపండి అని అడగండి. ఇంకో మాట, ఒప్పందంలో అమ్మకం వాటా చదవండి. 17న గ్యాలరీ వాళ్లు జనాన్ని పిలిచి ఓపెన్ డే పెట్టారు, నావి రెండు చిన్న బొమ్మలు 120 డాలర్ల చొప్పున అమ్ముడుపోయాయి. సగం వాళ్లకే. నాకు రావాల్సిన 120 డాలర్లు నెల దాటాక వచ్చాయి. పైగా వెళ్తూ ఒక బొమ్మ వాళ్లకు వదిలి వెళ్లాలని షరతు. వాళ్లు కన్నప్పను అడిగారు. ఇవ్వలేదు. చిన్న నెమలి బొమ్మ ఇచ్చి వచ్చాను. ఒప్పందంలో "ఒక పని" అనే ఉంది, ఏ పని అని లేదు.

వెళ్లదలుచుకుంటే నోవా స్కోషియా మానుకోవద్దు, ఆ గ్యాలరీలాంటి చోటు మానుకోండి. ఊళ్లోనే మున్సిపల్ నీళ్లున్న గది అద్దెకు తీసుకుంటే పనీ సాగుతుంది, మనుషులూ దగ్గరగా ఉంటారు. తిరుగు ప్రయాణంలో హాలిఫాక్స్ ఆర్ట్ గ్యాలరీలో అక్కడి జానపద చిత్రకారిణి మాడ్ లూయిస్ ఇల్లు తప్పక చూడండి. డిగ్బీ దగ్గర మార్షల్‌టౌన్‌లో రోడ్డు పక్కనున్న ఆ ఒంటిగది ఇంటిని తెచ్చి లోపల నిలబెట్టారు. తలుపు, మెట్లు, పొయ్యి, రొట్టెల డబ్బా, చేయి ఆనిన ప్రతిచోటా పూలు వేసింది ఆమె, కీళ్లు వంకరపోయిన వేళ్లతో. బతికున్నప్పుడు రెండు, మూడు, ఐదు డాలర్లకు బొమ్మలు అమ్ముకుని 1970లో పోయింది. 2022లో ఆమె బొమ్మ ఒకటి 3,50,000 డాలర్లకు పోయింది. ఆ ఇంటి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

కన్నప్పను కొత్త గుడ్డ మీద మళ్లీ మొదలుపెట్టి, సంతలో కలిసిన ఆ టీచరమ్మ పెరట్లోనే ముగించాను. మా పిల్ల 10వ తేదీనే హాలిఫాక్స్ వెళ్లిపోయింది కాబట్టి గుడ్డ రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేదు. ఆవిడే చెప్పులు విడిచి, గడ్డిలో నిలబడి, రెండు చేతులా పట్టుకుంది. గుడ్డను పిండకూడదు, నలపకూడదు, నీళ్లు పారుతూ ఉండాలి అని చెబితే చిన్నపిల్లలా శ్రద్ధగా విన్నది. పోయిన నీళ్లన్నీ బీన్స్ మొక్కల కిందికి వెళ్లేలా ముందే కాలువ తీసి పెట్టింది. సురులు చెక్క ఆవిడ వంటింట్లోనే, ఆవిడ పెద్ద జామ్ గిన్నెలోనే ఉడికింది. ఎరుపు దిగాక గుడ్డను బట్టల తాడు మీద ఆరేశాం. కన్నప్ప బుగ్గలు తెల్లగానే ఉన్నాయి. 23న ఆవిడ కూతురు నన్ను హాలిఫాక్స్‌లో దింపింది. పెట్రోలుకని 40 డాలర్లు ఇస్తే వద్దంది, సీటు మీద పెట్టి దిగాను. మసిబారిన మొదటి గుడ్డను మడిచి పెట్టెలో అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చాను.