వీగేమ్‌ప్యాడ్‌తో గేమ్ మెనూలు నడిపించడం: చాన్నాళ్లు వాడాక

గేమ్ ఆడే ఏఐ ఏజెంటుకి రాత్రంతా ట్రైనింగ్ పెడితే అది ఆగిపోయేది ఆటలో కాదు, మెనూలో. రేసు అయిపోతుంది, ‘మళ్లీ ఆడు’ మీద ఎ బటన్ నొక్కాలి, అంతే. ఆ ఒక్క నొక్కు తప్పితే తెల్లారేదాకా ఖాళీ స్క్రీన్ మీదే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఈ సమీక్షలో ఆట సంగతి పక్కన పెట్టి మెనూ సంగతే రాస్తున్నాను.

విజయవాడలో మా సిస్టమ్‌లో ఈ పని చేసేది వీగేమ్‌ప్యాడ్ (vgamepad) అనే పైథాన్ లైబ్రరీ. చేతిలో లేని గేమ్‌ప్యాడ్‌ని కోడుతో సృష్టించి, బటన్లు నొక్కిస్తుంది. విండోస్‌లో దీని కింద విజెమ్ బస్ అనే డ్రైవర్ ఉంటుంది. అది ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌నో డ్యూయల్‌షాక్ 4నో (ప్లేస్టేషన్ 4 ప్యాడ్) నిజంగా యూఎస్‌బీలో పెట్టినట్టే సిస్టమ్‌కి చూపిస్తుంది. డ్రైవర్ అభివృద్ధి 2023లో ఆగిపోయింది. అయినా విండోస్ 10, 11 రెండింటిలోనూ నాకు నిలకడగానే పనిచేస్తోంది. మెనూలకైతే ఎక్స్‌బాక్స్ 360నే ఎంచుకోండి. డ్యూయల్‌షాక్‌లో డీ-ప్యాడ్‌కి (నాలుగు దిక్కుల బటన్లు) వేరే ఫంక్షన్ వాడాలి. స్టిక్ విలువలు కూడా 0 నుంచి 255 దాకా, మధ్య బిందువు 128. ఎక్స్‌బాక్స్‌లో మధ్య బిందువు సున్నా, రెండు వైపులా దాదాపు 32 వేల దాకా.

కొత్తవాళ్లు ముందుగా తడబడేది అప్‌డేట్ దగ్గర. ప్రెస్ బటన్ అని రాస్తే బటన్ నొక్కినట్టు కాదు, అప్‌డేట్ పిలిచినప్పుడే ఆ సంగతి డ్రైవర్‌కి వెళ్తుంది. వదిలేటప్పుడూ అంతే: రిలీజ్, మళ్లీ అప్‌డేట్. రెండో అప్‌డేట్ మర్చిపోతే బటన్ నొక్కే ఉండిపోయి, లిస్టులో కర్సర్ ఆగకుండా పరుగెడుతుంది.

ఎంతసేపు నొక్కి ఉంచాలన్నది అసలు ప్రశ్న. 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేములు) ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. గేమ్ ఫ్రేముకోసారి ప్యాడ్‌ని చూస్తుంది కాబట్టి 10 మిల్లీసెకన్ల నొక్కు రెండు ఫ్రేముల మధ్య పడి మాయమైపోవచ్చు. 80 నుంచి 100 మిల్లీసెకన్లు నొక్కి, వదిలాక 120 నుంచి 150 ఆగితే చాలా గేముల్లో సరిపోతుంది. అర సెకను దగ్గరికి వెళ్తే ఆటో రిపీట్ మొదలై ఒక్క అడుగు వేయాల్సిన కర్సర్ మూడు వేస్తుంది. పైథాన్ 3.11 కన్నా పాతదైతే విండోస్‌లో స్లీప్ 15 మిల్లీసెకన్ల దాకా అటూ ఇటూ అవుతుంది, వెర్షన్ మార్చుకోవడం మేలు. మెనూలో ఎడమ స్టిక్ జోలికి పోకండి, డీ-ప్యాడ్ ఒక నొక్కుకి ఒక అడుగే కదులుతుంది.

ఇంతవరకు సాఫీగానే ఉంటుంది. కానీ మనం పంపింది గేమ్ తీసుకుందా లేదా అన్నది వీగేమ్‌ప్యాడ్ చెప్పదు. అందుకే ‘కింద, కింద, ఎ, మూడు సెకన్లు ఆగు, ఎ’ అని గుడ్డిగా రాసిన స్క్రిప్టు ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. బెజవాడలో అది తప్పేది మే నెలలో. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండకి ఏసీ లేని గదిలో జీపీయూ వేడెక్కి తన వేగం తగ్గించుకుంటుంది. 60 ఉన్న ఎఫ్‌పీఎస్ 35కి పడిపోతుంది, లోడింగ్ సాగుతుంది. డిసెంబరులో సరిపోయిన మూడు సెకన్లు అప్పుడు చాలవు. లోడింగ్ అవ్వకముందే పడిన ఎ గాల్లో కలిసిపోతుంది, అక్కణ్ణుంచి ప్రతి నొక్కూ ఒక మెనూ వెనకే.

దీనికి మందు ఒక్కటే. ప్రతి నొక్కు తర్వాత స్క్రీన్ చూసి, ఏ మెనూలో ఉన్నామో, కర్సర్ ఎక్కడుందో నిర్ధారించుకున్నాకే తర్వాతి నొక్కు. ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలోని టెంప్లేట్ మ్యాచింగ్ (ముందే దాచుకున్న చిన్న బొమ్మని స్క్రీన్‌లో వెతికి, ఎంత సరిపోయిందో స్కోరు ఇవ్వడం) దీనికి చాలు, పెద్ద మోడల్ అక్కర్లేదు. ఇక్కడ ఒక చిక్కుంది. చాలా గేముల్లో ఎంచుకున్న వరస వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకే ఫ్రేము తీసుకుంటే స్కోరు ఒకసారి 0.95, ఇంకోసారి 0.7 వస్తుంది. సెకను పాటు పది ఫ్రేములు తీసుకుని అందులో గరిష్ఠ స్కోరు చూడండి. మెనూ జారుకుంటూ వచ్చే రకమైతే కదలిక ఆగేదాకా మ్యాచింగ్ మొదలుపెట్టొద్దు. లాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతం ఉంటే స్క్రీన్‌లోంచి మనం కత్తిరించే చోటు తప్పుతుంది, 100కి మార్చండి.

‘పైకి’ పదిసార్లు నొక్కితే మొదటి వరసకి వస్తాం అనుకోవద్దు, చివర దాటితే మళ్లీ కింద నుంచి మొదలయ్యే లిస్టులే ఎక్కువ. బి నొక్కుతూ పోతే మెయిన్ మెనూకి చేరతాం అన్నదీ సగమే నిజం. అక్కడ బి నొక్కితే ‘బయటికి వెళ్లాలా?’ అని అడిగే గేములున్నాయి. ఆ డబ్బాకి కూడా టెంప్లేటు పెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చాక గేమ్ తెరిస్తే కొన్నిసార్లు ‘సేఫ్ మోడ్‌లో తెరవాలా’, ‘క్లౌడ్ సేవ్ వాడాలా’ లాంటివి ఎదురవుతాయి. వాటికీ అదే పద్ధతి.

ప్యాడ్‌ని సృష్టించే ప్రాసెస్‌ని ఏజెంటు నుంచి విడదీయండి. ఏజెంటు క్రాష్ అయితే ప్యాడ్ కూడా ఊడిపోయి, ‘కంట్రోలర్ కనెక్షన్ పోయింది’ అని గేమ్ పాజ్ అవుతుంది. ప్యాడ్‌ని వేరే చిన్న సర్వర్‌గా నడిపి, సాకెట్ (రెండు ప్రోగ్రాముల మధ్య సందేశాల దారి) ద్వారా ఆజ్ఞలు పంపితే ఈ బాధ ఉండదు.

విండోస్ గేములు ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ని చదివే ఎక్స్‌ఇన్‌పుట్‌లో నాలుగే స్లాట్లు. అసలు ప్యాడ్ ముందే పెట్టి ఉంటే అది మొదటి స్లాటు పట్టేస్తుంది, మనది రెండో ఆటగాడవుతుంది. విండోస్‌లో నోటిఫికేషన్ కాల్‌బ్యాక్ పెట్టుకుంటే ఎల్‌ఈడీ నంబరు వస్తుంది, మనం ఏ స్లాటులో ఉన్నామో దాంతో తెలుస్తుంది. ఒక్క నొక్కుకి రెండు అడుగులు పడుతుంటే స్టీమ్ యాప్‌లోని కంట్రోలర్ సెట్టింగ్ అయిన స్టీమ్ ఇన్‌పుట్‌ని అనుమానించండి. అది మన ప్యాడ్ మీద ఇంకో ప్యాడ్ కడుతుంది. ఆ గేమ్ ప్రాపర్టీస్‌లో ఆపేయండి.

ఆన్‌లైన్ పోటీ గేముల్లో మాత్రం ఇది వాడకండి. యాంటీ-చీట్ పట్టుకుంటే అకౌంటు పోతుంది, ఎదుటి ఆటగాళ్లకీ అన్యాయం. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి చూసేవాళ్లకి సూపర్‌టక్స్‌కార్ట్ లాంటి ఓపెన్ సోర్స్ గేమ్ చక్కగా సరిపోతుంది.

లినక్స్‌లో వీగేమ్‌ప్యాడ్ మద్దతు ఇంకా ప్రయోగ దశలోదే. నేను నేరుగా పైథాన్ ఎవ్‌డెవ్ లైబ్రరీతో యూఇన్‌పుట్ (ప్రోగ్రాములు కొత్త ఇన్‌పుట్ పరికరాన్ని సృష్టించే లినక్స్ సౌకర్యం) వాడతాను. యూఇన్‌పుట్ ఫైలుకి యూడెవ్ (లినక్స్‌లో పరికరాల అనుమతులు చూసే భాగం) రూల్‌తో అనుమతి ఇవ్వాలి. వెండర్ 045ఇ, ప్రోడక్ట్ 028ఇ అని పెడితే చాలా గేములు వాడే ఎస్‌డీఎల్ లైబ్రరీ దాన్ని ఎక్స్‌బాక్స్ 360గా గుర్తిస్తుంది. ప్యాడ్ సృష్టించాక ఒక సెకను ఆగి, ప్రతి మార్పు తర్వాత సిన్ (ఇక్కడితో మార్పు పూర్తయిందనే సంకేతం) పంపండి. ఎక్స్, వై తారుమారవుతుంటే కంగారు పడొద్దు: లినక్స్ కోడుల్లో బీటీఎన్ ఎక్స్ అంటే నార్త్, బీటీఎన్ వై అంటే వెస్ట్. ఎక్స్‌బాక్స్ ప్యాడ్ మీద వాటి స్థానాలు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటాయి, కాబట్టి దిక్కు పేరుతో కాకుండా అక్షరం పేరుతోనే రాయండి.