కోటలు చూపిస్తానని తీసుకెళ్లి మా అమ్మానాన్నల్ని కొండ దారిలో వదిలేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగువాళ్లూ, ఆ శనివారం వ్యాన్ ట్రిప్ బుక్ చేయకండి

రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గేలా లేదు, ఇప్పుడే రాసేస్తున్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల మన గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఎవరి గురించి చెబుతున్నానో అర్థమైపోతుంది. పేరు రాయను. ప్రతి శనివారం తొమ్మిది సీట్ల వ్యాన్‌లో "అమ్మానాన్నల స్పెషల్" అని కోటల ట్రిప్ పోస్టర్ పెడతాడు, పులిహోర, పెరుగన్నం కూడా ఇస్తానంటాడు, అతనే. మనిషికి 95 యూరోలు, ముగ్గురికి 285. పొద్దున రైన్‌ఫెల్స్ కోట శిథిలాలు, మధ్యాహ్నం ఎల్ట్స్ కోట లోపల గైడెడ్ టూర్, సాయంత్రం లొరెలై కొండ మీద గంట నడక. టికెట్లన్నీ కలిపే అని ఉంది. కింద విడిగా, "నడవలేని పెద్దవాళ్లకి షటిల్ బస్సు" అని కూడా ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఆ ఒక్క లైను చూసే డబ్బు కట్టాను. కట్టేముందు ఫోన్ చేసి మళ్లీ అడిగాను కూడా. "టెన్షన్ పడకండి అక్కా, అంకుల్‌ని నేను చూసుకుంటా" అన్నాడు.

మా నాన్న నరసరావుపేటలో టీచరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు మమ్మల్ని కొండవీడు కోటకి తీసుకెళ్లి ప్రతి బురుజు దగ్గరా నిలబెట్టి కథ చెప్పిన మనిషి. ఈ ట్రిప్ ఖాయమైన దగ్గర్నుంచీ రాత్రుళ్లు కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో రైన్‌ఫెల్స్ గురించే చదువుతున్నారు. 1245లో కట్టారట, 1692లో ఫ్రెంచి సైన్యం అంత పెద్ద దండుతో వచ్చినా లొంగలేదట, చివరికి 1797లో ఆ ఫ్రెంచివాళ్లే మందుపాతర పెట్టి పేల్చేశారట. కోట కింద సొరంగాలున్నాయని చదివి, అమ్మ చేత చిన్న టార్చిలైటు కూడా సంచిలో పెట్టించారు.

ఆ టార్చిలైటు సంచిలోంచి బయటికి రాలేదు. స్టేషన్ దగ్గరికే ముప్పావుగంట లేటుగా వచ్చాడు. రైన్‌ఫెల్స్ ఉన్న సాంక్ట్ గోఆర్ ఊళ్లో, కొండ మీద కోట గుమ్మం ముందు వ్యాన్ ఆపి, "లోపల రాళ్లు తప్ప ఏం లేవు, ఫొటోలు ఇక్కణ్ణుంచే బాగా వస్తాయి, ఇరవై నిమిషాలు" అన్నాడు. మరి టికెట్ అని ఎవరో అడిగితే, లోపలికి వెళ్లేవాళ్లు సొంతంగా కొనుక్కోవాలన్నాడు. ఇరవై నిమిషాల్లో ఏం కొంటాం, ఏం చూస్తాం. నాన్న గోడ దగ్గర నిలబడి కిందున్న నదిని చూస్తూ ఉండిపోయారు. నేను అప్పుడే గట్టిగా అడగాల్సింది. అందరి ముందూ గొడవ ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇక ఎల్ట్స్. చూసినవాళ్లకి తెలుసు, అడవి మధ్యలో, కింద ఎల్జ్ వాగు చుట్టూ తిరుగుతూ, మధ్యలో రాతి గుట్ట మీద కోట. 800 ఏళ్లకి పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఎవరూ కూల్చలేదు. యూరోలు రాకముందు జర్మనీలో ఉన్న పాత 500 మార్కుల నోటు మీద బొమ్మ ఇదే. కానీ కారు పార్కింగ్ పైన ఉంటుంది, కోట కింద ఉంటుంది. తారు రోడ్డు మీద దిగితే పావుగంట, మంచి వాలు. దిగడం ఎలాగో దిగుతాం, ఎక్కడమే కష్టం. అందుకే అక్కడ షటిల్ బస్సు తిప్పుతారు.

"ఈరోజు షటిల్ లేదు" అన్నాడు. నమ్మాం. నాన్న చెయ్యి నేను ఒకవైపు, అమ్మ ఒకవైపు పట్టుకుని మెల్లగా దిగుతున్నాం. సగం దూరం వెళ్లామో లేదో, మమ్మల్ని దాటుకుంటూ షటిల్ బస్సు వెళ్లింది. లోపల పెద్దవాళ్లే ఉన్నారు. ఒకావిడ మా అమ్మని చూసి చెయ్యి కూడా ఊపింది. అమ్మ నా మొహం చూసింది. అతను ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరగలేదు. ఎనిమిది మందికి రానూపోనూ బస్సు టికెట్లు కొనాల్సి వస్తుందని అబద్ధం చెప్పాడు, అంతే.

కోట దగ్గర టూర్ టికెట్ తీయలేదు, క్యూ ఎక్కువగా ఉందన్నాడు. లోపలికి గైడ్‌తో తప్ప వెళ్లనివ్వరు. ప్రాంగణంలో నిలబడి వచ్చేశాం.

తిరిగి ఎక్కేటప్పుడు నేను షటిల్ కోసం ఆగుతానంటే, "వ్యాన్ బయల్దేరాలి, నడిస్తే పది నిమిషాలే" అని తొందరపెట్టాడు. విన్నాను. ఎందుకు విన్నానో నాకే అర్థం కావడం లేదు. సగం ఎక్కేసరికి నాన్న ఆగిపోయారు. రోడ్డు పక్కన మొద్దు మీద కూర్చుని, రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ "బాబూ, ఒక్క ఐదు నిమిషాలు" అన్నారు.

అతను నాన్న వైపు కూడా చూడలేదు. నాతో అన్నాడు: "నడవలేనివాళ్లని ఎందుకు తెస్తారక్కా? ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టొచ్చు కదా. వీళ్ల వల్ల మిగతావాళ్ల టైమంతా వేస్టు."

నాన్న విన్నారు. రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. మొద్దు మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డారు. కాళ్లు వణుకుతున్నాయి. "నావల్ల మీకు లేటవుతోంది, సారీ బాబూ" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, కొడుకు వయసువాడికి సారీ చెప్పారు. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. నేనేమీ అనలేకపోయాను, గొంతు పెగల్లేదు.

"పైన పది నిమిషాలు ఆగుతా" అని వెళ్లిపోయాడు. మాకు పాతిక నిమిషాలు పట్టింది. పైకి వెళ్లేసరికి వ్యాన్ లేదు. ఫోన్ ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "లొరెలైకి లేటైంది, మీరు ట్రైన్‌లో వచ్చేయండి, స్టేషన్ దగ్గరే." ఏది దగ్గర? మోసెల్‌కెర్న్ స్టేషన్‌కి కోట దగ్గర్నుంచి వాగు పక్కగా అడవి దారిలో గంటకి పైగా నడక. సంచి వ్యాన్‌లోనే ఉండిపోయింది. అందులో నాన్న బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఉన్నాయి.

పార్కింగ్‌లో ఒక పెద్ద వయసు జర్మన్ దంపతులు అమ్మ ఏడుస్తుంటే చూసి వచ్చి అడిగారు. వాళ్లే కారులో హాట్సెన్‌పోర్ట్ స్టేషన్ దాకా దింపి, డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. అక్కణ్ణుంచి కోబ్లెంజ్, కోబ్లెంజ్ నుంచి రైన్ ఒడ్డు వెంట రైల్లో ఇంటికి. దారిలో లొరెలై ఎదురుగా కనిపించింది. కౌబ్ దగ్గర నది మధ్యలో పడవలా ఉన్న చిన్న కోట కనిపిస్తే అమ్మ నాన్నని తట్టి చూపించింది. ఆయన తల ఊపారు, మాట్లాడలేదు.

డబ్బు సంగతి. పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమన్నాడు, పంపేశాను. అలా పంపితే బయ్యర్ ప్రొటెక్షన్, అంటే మోసపోతే పేపాల్ ద్వారా డబ్బు వెనక్కి అడిగే వీలు, ఉండదని నాకు తెలుసు. తెలిసీ, మన తెలుగువాడే కదా అని పంపాను. ఇక్కడి ప్యాకేజీ టూర్ చట్టం కింద అడుగుదామంటే, 24 గంటల లోపు, రాత్రి బస లేకుండా, మనిషికి 500 యూరోలు దాటని ట్రిప్పులకి అది వర్తించదు. చెప్పినవి చూపించలేదని మామూలు ఒప్పందం కిందే అడగాలి. రాతపూర్వకంగా అడిగాను. "అందరూ ఎంజాయ్ చేశారు, మీకొక్కరికే ప్రాబ్లమ్" అని జవాబు. పోస్టర్ స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది, వదలను.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు దయచేసి మీరే వెళ్లండి. రైన్‌ఫెల్స్‌కి సాంక్ట్ గోఆర్ స్టేషన్‌లో దిగితే చాలు, రీజనల్ ట్రైన్లన్నిటికీ డాయిచ్‌లాండ్ టికెట్ (ఇక్కడి నెలవారీ పాస్) పనిచేస్తుంది. స్టేషన్ నుంచి కోట దాకా మాత్రం ఎత్తే, పెద్దవాళ్లుంటే ట్యాక్సీ మాట్లాడుకోండి. ఎల్ట్స్‌లో షటిల్ ఉందో లేదో అక్కడి సిబ్బందినే అడగండి, వేరేవాళ్ల మాట నమ్మకండి. ఇంకొకటి, అతను డిసెంబరుకి కూడా "ఎల్ట్స్ కోట లోపల" అని పేర్లు రాయించుకుంటున్నాడు. ఆ కోట మామూలుగా నవంబరు మొదట్లో మూస్తే మళ్లీ ఏప్రిల్‌లోనే తెరుస్తారు. కట్టినవాళ్లు వెంటనే వెనక్కి అడగండి. మందులు ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోండి.

సంచి ఇంకా ఇవ్వలేదు. ఊరి నుంచి మూడు నెలలకి సరిపడా తెచ్చుకున్న మాత్రలు, ఇక్కడ డాక్టరు చీటీ లేకుండా దొరకవు, ఈరోజు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వచ్చే శనివారం ఆ వ్యాన్ ఎక్కేవాళ్లెవరైనా ఉంటే, వెనక సీటు కింద నీలం రంగు గుడ్డ సంచి, జిప్పుకి ఎర్ర దారం కట్టి ఉంటుంది. కనిపిస్తే తీసి నాకు మెసేజ్ పెట్టండి, ఎక్కడికైనా వచ్చి తీసుకుంటాను.