హిచ్‌కాక్ బ్లూరే సెట్: ఒక్క బటన్ కోసం కొన్నట్టయింది

సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్ ఎవరు, సస్పెన్స్‌కీ సర్‌ప్రైజ్‌కీ తేడా ఏంటి, అది చెప్పడానికి ఆయన వాడిన టేబుల్ కింద బాంబు ఉదాహరణ... ఇవన్నీ మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. వాటి జోలికి పోను. 15 సినిమాల ఈ బ్లూరే డిస్కుల సెట్ చాలా కాలంగా నా దగ్గరుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. టీవీ సీరియళ్లకు ఎడిటింగ్ చేసేవాణ్ణి కాబట్టి ఊరికే చూడటానికి కాకుండా సీన్లు విప్పి చూసుకోవడానికని కొన్నాను. బొమ్మ ఎంత బాగుంది, ఎక్స్‌ట్రాలు ఏమున్నాయి అన్నవాటి మీద రాసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. నాకు మాత్రం పిచ్చిగా నచ్చింది ఒక్కటే: పాజ్ నొక్కి, ఒక్కో ఫ్రేమే (ఒక్కో విడి బొమ్మే) ముందుకు జరుపుకోవడం.

ఓటీటీలో ఈ పని కుదరదు. వేలు పెడితే పది సెకన్లు అటో ఇటో దూకుతుంది. పది సెకన్లంటే 240 ఫ్రేములు. ఆ సందులో హిచ్‌కాక్ చేయాల్సిన మాయంతా చేసేసి ఉంటాడు.

ఆ బటన్ విలువ తెలిసింది ‘ది బర్డ్స్’ (1963) పెట్రోల్ బంక్ సీను దగ్గర. పక్షి వచ్చి బంకులో కుర్రాణ్ణి కొడుతుంది, పైపు కిందపడి పెట్రోలు రోడ్డు మీద పారుతుంది, ఇదేమీ తెలియని ఒకాయన కారు దిగి చుట్ట వెలిగిస్తాడు. ఎదురుగా హోటల్ కిటికీలోంచి హీరోయిన్ మెలనీ, మిగతా జనం అరుస్తుంటారు. అగ్గిపుల్ల పడుతుంది. పేలుడు. మంట పెట్రోలు పారిన దారి పట్టుకుని వెనక్కి బంకు వైపు పరిగెడుతుంది. ఇక్కడ ఒకటి మంట, ఒకటి మెలనీ ముఖం, మళ్లీ మంట, మళ్లీ ముఖం, ఇలా షాట్లు పడతాయి. ఒక్కోటి సెకను కూడా ఉండదు.

ఆ రోజు మామూలు స్పీడులోనే నడుస్తోంది. వెనక కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ, “ఒరేయ్, ఇరుక్కుపోయినట్టుంది చూడు” అంది. అంతకుముందు వేరే డిస్క్ నిజంగానే ఇరుక్కుంది కాబట్టి ఆవిడ అనుమానం న్యాయమే. వెనక్కి తిప్పి ఫ్రేము ఫ్రేముగా జరిపాను. మంట ఉన్న షాట్లలో మంట కదులుతోంది. మెలనీ షాట్‌కి వచ్చేసరికి బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే ముఖం. నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి, అలాగే బిగుసుకుపోయి ఉంది. తర్వాతి ముఖమూ అంతే, కాకపోతే తల కొంచెం పక్కకి తిరిగి ఉంది. ఆ తర్వాతిది ఇంకొంచెం. తల తిరగడం మాత్రం ఎక్కడా చూపించలేదు. మంట ఎటు పోతే ముఖం అటు తిరిగినట్టు మనమే కలిపేసుకుంటాం. డిస్క్ బాగానే ఉంది, డైరెక్టరే ఆపేశాడు!

మా సీరియళ్లలో కోడలు ఒక మాట అనగానే అత్తగారి ముఖం మూడుసార్లు పడుతుంది, వెనక ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) ధన్ ధన్ ధన్‌మంటుంది. అందరూ నవ్వుకునే వ్యవహారమే, నేనూ కోసినవాణ్ణే. పనిముట్టు ఒకటే. కానీ మేం వేసేది అదే ముఖాన్ని మళ్లీ మళ్లీ. కథ అక్కడ కదలదు. ఇక్కడ ముఖం రాయిలా ఉంది, రెండు ముఖాల మధ్య మంట మాత్రం ఇంకాస్త దూరం వెళ్లిపోయింది. ఆమె ఏమీ చేయలేకపోతోందన్న సంగతి మాట లేకుండా చెప్పేశారు. ఈ సినిమా ఎడిటర్ జార్జ్ తోమసిని. ‘రియర్ విండో’, ‘వర్టిగో’, ‘సైకో’ కూడా ఆయన చేతి మీదుగా పోయినవే. డైరెక్టర్ పేరు చెప్పుకున్నంతగా ఈయన పేరు ఎవరూ తలుచుకోరు. నాలాంటివాళ్లకు కొంచెం కడుపుమంట.

‘రోప్’ (1948)కీ బటన్ బాగా పనికొచ్చింది. సినిమా అంతా ఒకే షాట్‌లా ఉంటుందని ప్రచారం కదా. కోటు వీపు మీదకి కెమెరా వెళ్లి నల్లగా అయినచోట అతుకు దొరుకుతుంది, అది అందరికీ తెలిసిందే. కొన్నిచోట్ల మాత్రం దాపరికమే లేదు, శుభ్రంగా కట్ ఉంది. కథలో ఫిలిప్ అనే కుర్రాడు “అది అబద్ధం” అని అరుస్తాడు, టక్కున జేమ్స్ స్టూవర్ట్ ముఖం. కెమెరాలో పట్టే ఫిల్ము పది నిమిషాలది, థియేటర్‌లో రీలు దాదాపు ఇరవై నిమిషాలది. ప్రొజెక్టర్ మారేచోట అతుకు దాచే వీల్లేదు, అందుకే అక్కడ ధైర్యంగా కోసేశారు. ఆ అరుపు మీద మన దృష్టి ఉంటుంది కాబట్టి కట్ పట్టుబడదు.

ఇంత పొగిడాను గానీ, ఈ బటన్‌కి మాట రాదు. ఫ్రేము ఫ్రేముగా పోతే సౌండ్ ఉండదు. ‘ది బర్డ్స్’లోనే మెలనీ స్కూలు బయట బెంచీ మీద సిగరెట్ తాగుతూ కూర్చుంటుంది. వెనక పిల్లలు ఆడుకునే ఇనుప కమ్మీల మీద ఒక కాకి వాలుతుంది, తర్వాత ఇంకొన్ని. ఆ పైన కెమెరా కాకుల్ని వదిలేసి ఆమె మీదే చాలాసేపు ఉండిపోతుంది. లోపల క్లాసులో పిల్లల పాట ఎంతకీ అవ్వదు. ఈ సీనుని ఎన్ని ముక్కలుగా జరిపినా నాకు దొరికింది సున్నా. టెన్షన్ అంతా పాట ఎప్పుడు ఆగుతుందా అన్న దగ్గరే ఉంది. ఈ సినిమాకి ఆర్.ఆర్. లేదు, పక్షుల అరుపుల్లో చాలావాటిని ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పుట్టించారు. అలాంటిదాన్ని మూగగా చూసి నేర్చుకునేదేముంది? ‘రియర్ విండో’ కూడా అంతే, పెరటి అవతల నుంచి వచ్చే రేడియో, పియానో లేకపోతే సగం సినిమా పోతుంది. ఇలాంటివి రిమోట్ పక్కన పెట్టి మొదటి నుంచీ చూడాల్సిందే.

ఇంకో చిరాకు: నా ప్లేయర్‌లో ఫ్రేము ముందుకే జరుగుతుంది, వెనక్కి జరగదు. కట్ దాటిపోయామంటే మళ్లీ రివైండ్, మళ్లీ వెతుకులాట. ఇది సెట్ తప్పు కాదు. డిస్క్‌లు అట్ట జేబుల్లో దూర్చి ఇవ్వడం మాత్రం సెట్ తప్పే. తీసి పెట్టేకొద్దీ గీతలు పడుతున్నాయి. నా ‘వర్టిగో’ డిస్క్ సరిగ్గా మధ్యలో ఆగుతుంది, గుడ్డతో తుడిస్తే నడుస్తుంది, నాలుగు రోజులకి మళ్లీ మొదలు. ఇప్పుడు అన్నీ విడి ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నాను.

‘ఫ్యామిలీ ప్లాట్’, ‘టోపాజ్’ ఒక్కోసారి చూసి పక్కన పెట్టాను. ‘నొటోరియస్’ ఇందులో లేదు, విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.

కొనమంటారా అంటే, మీకు ఎడిటింగ్ పని ఉంటే, ప్లేయర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే, ధర తగ్గినప్పుడు చూడండి. కథ కోసం చూసేవాళ్లకి ఓటీటీ చాలు. నాకు పెట్టిన డబ్బులు గిట్టాయి, అదీ సెకండ్ హ్యాండ్ ధర కాబట్టి. కొత్త సెట్ రేటుకి, పైగా కొత్త ప్లేయర్ కూడా కొనాల్సి వస్తే నేనైతే వెనకాడేవాణ్ణే.