యాభై దాటాక తీసుకున్న హెల్త్ పాలసీ: తొమ్మిదో ఏడు, మూడు క్లెయిములు

మా ఇద్దరికీ కలిపి 2017 ఆగస్టులో హెల్త్ పాలసీ తీసుకున్నాను. అప్పటికి నాకు 51, మా ఆవిడకు 47. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు నాది. ఉద్యోగస్తులకు ఉన్నట్టు ఆఫీసు ఇన్సూరెన్స్ మాకుండదు. ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాణ్ని కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు కూడా లేదు. ఏ జబ్బు వచ్చినా షాపు గల్లాలోంచే తీయాలి. ఆ భయంతోనే తీసుకున్నాం. ఈ తొమ్మిదేళ్లలో ఒకసారి కంపెనీ మారాం, మూడుసార్లు క్లెయిమ్ పెట్టాం. రెండు కంపెనీల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. నన్ను గట్టెక్కించినదీ, నా జేబుకు చిల్లు పెట్టినదీ కంపెనీ పేరు కాదు, పాలసీ కాగితాల్లో నేను చదివిన, చదవని కొన్ని లైన్లు.

మొదట ప్రపోజల్ ఫారం గురించి చెప్పాలి. ఏజెంటు షాపుకే వచ్చాడు. కౌంటర్ మీద ఫారం పెట్టుకుని చకచకా నింపుతున్నాడు. "కింది జబ్బులేమైనా ఉన్నాయా" అన్న చోటుకు వచ్చేసరికి, బీపీకి రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకుంటానని చెప్పాను. పెన్ను ఆపేశాడు. "అన్నగారూ, ఈ రోజుల్లో బీపీ ఎవరికి లేదు చెప్పండి. రాస్తే టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు. వదిలేద్దాం" అన్నాడు. నేనూ సరే అనబోయాను. మా ఆవిడ అప్పుడే క్యారేజీ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. "రాయండి. రేపు ఆసుపత్రిలో డాక్టరు అడిగితే నేను ఉన్నదే చెబుతాను. అప్పుడు ఈ కాగితం ఒకటి, ఆ కాగితం ఒకటి చెబుతాయి" అంది. రాయించాను. టెస్టులకు పిలిచారు, వెళ్లాం. ప్రీమియం రెండువేలు పెరిగింది. బీపీకి, దానివల్ల వచ్చే వాటికి నాలుగేళ్ల వెయిటింగ్ పెట్టారు, అంటే ఆ నాలుగేళ్లూ వాటికి క్లెయిమ్ రాదు.

ఆ రెండువేల విలువ ఏమిటో గుంటూరులో మా బావగారి విషయంలో తెలిసింది. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేసి మానేశారు, బ్రాడీపేటలో ఉంటారు. 57వ ఏట పాలసీ తీసుకున్నారు. ఫారం ఏజెంటే నింపాడు, ఈయన సంతకం పెట్టారు. షుగర్ ఉందన్న సంగతి అందులో లేదు. రెండేళ్లకు కాలికి పుండై ముదిరింది. కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. క్యాజువాల్టీలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "షుగర్ ఎన్నాళ్ల నుంచి?" మా అక్క "పదేళ్ల నుంచండీ" అంది. ఆ పదేళ్ల మాట కేస్‌షీట్‌లోకి, అక్కణ్నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కింది. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, తిరస్కరించారు. తర్వాత పాలసీనే రద్దు చేశారు. లక్షా తొంభై వేలు అక్క గాజులు కుదువపెట్టి కట్టారు. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. ఎత్తినా చేసేదేమీ లేదు, ఫారం మీద సంతకం బావగారిది.

అందుకే యాభై దాటినవాళ్లు ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. వేసుకునే ప్రతి మాత్రా, ఎప్పుడో జరిగిన ఆపరేషన్, చిన్నదైనా సరే, మీ చేత్తో మీరే రాయండి. నింపిన ఫారం కాపీ అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇప్పుడు నిబంధనలు మనకు కొంత కలిసొచ్చాయి కూడా. 2024 ఏప్రిల్ 1 నుంచి, ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లు మించకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ చెప్పింది. అంతకుముందు నాలుగేళ్లుండేది. పాలసీ ఆగకుండా ఐదేళ్లు నడిస్తే, ఆ తర్వాత ఫలానా జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు, మోసమని నిరూపిస్తే తప్ప. ఇది కూడా మునుపు ఎనిమిదేళ్లు. మూడేళ్లంటే ఇట్టే గడిచిపోతాయి. 53లో తీసుకుంటే 56కల్లా చెప్పిన జబ్బులన్నిటికీ రక్షణ వచ్చేస్తుంది. దాచిపెట్టి ఐదేళ్లూ ఏమీ కాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు?

రెండోది రూమ్ రెంట్. ఇందులో నేను బాగా దెబ్బతిన్నాను కాబట్టి లెక్కతో సహా చెబుతాను. 2019 అక్టోబరులో మా ఆవిడకు గాల్ బ్లాడర్‌లో రాళ్లని తేలింది. ఇలాంటి వాటికి ఉండే రెండేళ్ల వెయిటింగ్ అప్పటికే దాటింది కనుక అడ్డం రాలేదు. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మాది 5 లక్షల పాలసీ, రూమ్ రెంట్ పరిమితి రోజుకు అందులో ఒక శాతం, అంటే 5,000. ఆ ధరలో ఉన్న గదికి కిటికీ లేదు. 8,000 గది బాగుంది. రోజుకు మూడువేలు తేడా, మూడు రోజులకు 9,000 మనం పెట్టుకుందాంలే అనుకున్నాను. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి కూడా "తేడా మీరు కట్టాలి సార్" అనే చెప్పింది.

డిశ్చార్జ్ రోజు బిల్లు 1,12,000 వచ్చింది. అందులో మందులు, టెస్టులు, సామాన్లు కలిపి 32,000. మిగతా 80,000 గది, నర్సింగ్, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ చార్జీలు. కంపెనీ ఏం చేసిందంటే, నాకు అర్హత ఉన్నది ఎనిమిదిలో ఐదు వంతులే కాబట్టి, ఆ 80,000 మొత్తంలోనూ ఐదు వంతులే, అంటే 50,000 ఇచ్చింది. 30,000 కోత. గ్లౌజులు, మాస్కులు, అడ్మిషన్ చార్జీలు అంటూ ఇంకో 4,600. తొమ్మిది వేలు అనుకున్నది 34,600 అయింది. పెద్ద గది తీసుకుంటే సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది, అందుకని దాన్ని కూడా అదే దామాషాలో కోస్తారట. పాలసీ బుక్కులో పద్దెనిమిదో పేజీలో ఉంది. ఇంటికొచ్చాక చదివాను.

ఆ కోపంతోనే 2021లో కంపెనీ మారాను. పోర్టబిలిటీ అంటారు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. నాది ఆగస్టు కనుక జూన్ మొదట్లోనే పెట్టాను. ఈలోగా 2020లో నాకు షుగర్ కూడా మొదలైంది. అది కూడా రాశాను. ఒక కంపెనీ వద్దంది. రెండోది ప్రీమియం మీద కొంత లోడింగ్, అంటే అదనం, వేసి తీసుకుంది. పాత పాలసీలో గడిచిన నాలుగేళ్ల వెయిటింగ్ కొత్తదానికి జమ అయింది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేను కవరేజీని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచాను. పాత 5 లక్షలకే ఆ జమ వర్తిస్తుంది, పెంచిన 5 లక్షలకు వెయిటింగ్ మళ్లీ మొదటినుంచి లెక్క. కొత్త పాలసీలో సింగిల్ ఏసీ గదికి పరిమితి లేదు. ఆ ఒక్క లైను కోసమే మారాను.

అసలు పరీక్ష 2023 మార్చిలో వచ్చింది. రాత్రి రెండింటికి ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగేస్తోంది, ఒళ్లంతా చెమట. మా అబ్బాయి కారులో పటమట నుంచి సూర్యారావుపేట తీసుకెళ్లాడు. పొద్దునకల్లా ఒక స్టెంట్ వేశారు. నేను ఐసీయూలో ఉండగా బయట మావాడికి కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి క్వెరీ వచ్చింది: బీపీ ఎన్నాళ్లుగా ఉంది, మొదటిసారి చూపించుకున్న కాగితాలు పంపండి అని. ఇంటికి పరిగెత్తి నా ఫైల్ తెచ్చాడు. 2017 ప్రపోజల్ ఫారం కాపీలో బీపీ అని, మాత్ర పేరుతో సహా ఉంది. ఫోన్లో ఫొటో తీసి పంపాడు. రెండు గంటల్లో అప్రూవల్ వచ్చింది. బిల్లు 2,46,000. నేను కట్టింది 8,500. ఆ తర్వాత మూడు నెలల మందులు, టెస్టుల బిల్లులు ప్రిస్క్రిప్షన్లతో పంపితే 11,400 బ్యాంకులో పడ్డాయి. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చు కూడా వస్తుందని తెలియక చాలామంది ఆ బిల్లులు పారేస్తారు. మీ పాలసీలో అది 60 రోజులా, 90 రోజులా చూసుకోండి.

స్టెంట్ వేయించుకున్న ఆసారి ఒక్కటే బాధ, డిశ్చార్జ్. పొద్దున పదిన్నరకు డాక్టరు వెళ్లొచ్చన్నారు, ఫైనల్ అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం పావు తక్కువ ఏడు. మా ఆవిడ సంచులు సర్దుకుని కుర్చీలో కూర్చునే ఉంది, ఏమీ తినలేదు. 2024లో దీనికి కూడా నిబంధన వచ్చింది. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబు చెప్పాలి, డిశ్చార్జ్ బిల్లుకు మూడు గంటల్లో చెప్పాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. 2025 జనవరిలో మా ఆవిడకు కంటిలో శుక్లం తీయించినప్పుడు రెండు గంటల్లో బయటపడ్డాం. శుక్లానికి కంటికి ఇంతని పరిమితి ఉంటుంది. మాది 50,000, ఆవిడ తీసుకున్న లెన్సుతో బిల్లు 62,000, తేడా కట్టాం. దానికి నాకేమీ అభ్యంతరం లేదు, ముందే తెలుసు కాబట్టి.

ఇక ఖర్చు. మొదటి ఏడు ఇద్దరికీ 19,000 దాకా అయింది. కిందటి ఆగస్టులో 44,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 7,920. మా రెన్యువల్ అయిన నెల తర్వాత, 2025 సెప్టెంబరు 22 నుంచి, వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. వచ్చే ఆగస్టులో మాకు ఆ భారం తగ్గుతుంది. 60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి ప్రీమియం పెంచాలంటే ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చారు. నేను ఆ వయసుకు వచ్చేస్తున్నాను కనుక అది నాకు పెద్ద ఊరట. పాత పద్ధతిలో టాక్స్ కట్టేవాళ్లకు హెల్త్ ప్రీమియం మీద 25,000 వరకు, సీనియర్ సిటిజన్ అయితే 50,000 వరకు మినహాయింపు ఉంది.

ఇంట్లో వాళ్లందరికీ కలిపి ఒకే పాలసీ తీసుకుంటే దాన్ని ఫ్లోటర్ అంటారు. అందులో ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి వేస్తారు. పిల్లల్ని మీతో కలపకండి, వాళ్లకు విడిగా తీసుకుంటే చౌక కావచ్చు. అరవై దాటాక చేరేవాళ్లు కో-పే, అంటే ప్రతి బిల్లులో మనం కట్టాల్సిన వాటా, చూడాలి. 20 శాతం కో-పే అంటే మూడు లక్షల బిల్లులో అరవై వేలు మీవి. ప్రీమియం తక్కువగా కనబడే పాలసీల్లో ఇది తరచుగా దాక్కుని ఉంటుంది. పది లక్షలు, పదిహేను లక్షల పాలసీ భరించలేమనుకుంటే 5 లక్షల పాలసీ, దాని మీద 5 లక్షల డిడక్టిబుల్‌తో, అంటే మొదటి 5 లక్షలు దాటాకే ఇచ్చే, సూపర్ టాప్-అప్ తీసుకోవచ్చు. అడిగేటప్పుడు "సూపర్" అన్న మాట గట్టిగా అడగండి. మామూలు టాప్-అప్ ఒక్క బిల్లే 5 లక్షలు దాటితేనే పనికొస్తుంది, సూపర్ టాప్-అప్ ఏడాదిలో వచ్చిన బిల్లులన్నీ కలిపి లెక్కేస్తుంది. డెబ్బై దాటిన అమ్మానాన్నలుంటే, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. ఆధార్‌తో చేయిస్తారు. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ఏజెంటు చుట్టూ తిరగకండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా పెట్టాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, మన రాష్ట్రం కూడా వాళ్ల కిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

మొన్న ఆదివారం మా తమ్ముడు వచ్చాడు, గొల్లపూడిలో ఉంటాడు, వాడికి 52. కొత్తగా పాలసీ తీసుకుంటున్నాడు. ఇప్పుడు ఫారం అంతా ఏజెంటు ట్యాబ్‌లోనే. జబ్బుల దగ్గరకు రాగానే ఆ కుర్రాడు అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టుకుంటూ పోతున్నాడు. ఆపించాను. మా తమ్ముడు "అన్నయ్యా, థైరాయిడ్ కూడా జబ్బేనా, చిన్న మాత్రేగా" అన్నాడు. థైరాయిడ్ రాయించాను, 2011లో చేయించుకున్న హెర్నియా ఆపరేషన్ కూడా రాయించాను. ఫారం పీడీఎఫ్ అక్కడికక్కడే మా ఇద్దరి ఫోన్లకూ పంపించుకున్నాం. గురువారం మెడికల్ టెస్టులకు రమ్మని వాడికి మెసేజ్ వచ్చింది. పరగడుపున రావాలట.